కోడలి వెంట దేశాలు

గొర్ల దొడ్డి ఊడ్చి పెంటికలు తట్టకెత్తుతున్న బక్కమ్మకు వాకిట్లోంచి మొగుడి మాట వినబడింది.

“పోతే పోనియ్యిరా. పిల్లను ఎవలు చూస్తరో అదొక్కటి చెప్పి పొమ్మను.”

అంజన్న ఆ మాట కొడుకు దామోదర్‌తో అన్నాడు గానీ, అది వినాల్సింది కోడలేనని ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు త్రివేణి అరుగు మీద కూర్చుని మల్లికకు పాలన్నం తినిపిస్తోంది. పిల్లకు రెండో ఏడు నడుస్తోంది. త్రివేణి తల ఎత్తలేదు. ముద్ద కలిపే చెయ్యి మాత్రం కాసేపు ఆగి, మళ్లీ కదిలింది.

బక్కమ్మకు తెలిసినంతలో సంగతి ఇదీ. జోర్డాన్ అనే దేశంలో, అమ్మాన్ అనే పట్నంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్ త్రివేణిని తమ తరఫున ఆడడానికి రమ్మంటోంది. పసిపిల్ల తల్లి కాబట్టి ఇంటి మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోవచ్చని కూడా చెప్పింది. త్రివేణికి ఆట కొత్త కాదు. నార్కట్‌పల్లి దగ్గర మేకలు కాసుకునే తండ్రి, తల్లి లేని పిల్లని గురుకులంలో చేర్పిస్తే, అక్కడి ఆటల టీచరమ్మ ఆమె పరుగు చూసి కాళ్ల ముందు బంతి పెట్టింది. ఆ బంతి ఆమెను హైదరాబాద్‌కు తీసుకుపోయింది, అక్కడి నుంచి కేరళకు, కేరళ నుంచి నేపాల్‌కు. ఖాట్మండులో ఒక ఏడు ఆడి వచ్చిన వారానికే పెళ్లిచూపులయ్యాయి. అప్పట్లో దామోదర్‌కు ఆమె ఆట అంటే భలే గొప్ప. నల్గొండలో తను పనిచేసే ట్రాక్టర్ల షోరూంకి వచ్చిన రైతులకు ఫోన్ తీసి, జెర్సీ వేసుకున్న ఫొటో చూపించి “మా ఇంటామె, ఇంటర్నేషనల్ ప్లేయర్” అనేవాడు. పెళ్లయ్యాక ఫొటో ఉండిపోయింది, ఆట పోయింది. కడుపుతో ఉన్నప్పుడు బూట్లు అటకెక్కాయి. మల్లిక పుట్టాక “ఇగ చాలు గద” అన్నాడు, మెల్లగానే. కోపంగా అని ఉంటే త్రివేణి ఎదురు చెప్పేదేమో. అంత మెల్లగా అన్నవాడికి ఏమని చెప్తుంది?

కానీ పిల్ల పాకడం మొదలుపెట్టాక, ఒకనాడు అటక మీది బూట్లు కిందికి దిగాయి. తెల్లవారక ముందే తమ ఊరు పానగల్ నుంచి నల్గొండ రోడ్డు పట్టుకుని ఉరికి వచ్చేది. బక్కమ్మకు అది నచ్చలేదు. “పాలిచ్చే తల్లి గట్ల ఉరుకుతదా? పాలు ఇరుగుతయ్” అన్నది. కోడలు పెరట్లోంచి ఎవరినో గట్టిగా పిలిస్తే, “ఇంటి కోడలి గొంతు వాకిలి దాటొద్దు” అని కూడా అన్నది. ఈ మాటలు తన అత్త తనతో అన్నవే. దాచిపెట్టిన చీర తీసి ఇచ్చినట్టు కోడలికి ఇచ్చింది, అంతే.

ఇప్పుడు వాకిట్లో దామోదర్ గొంతు. “నాయిన అన్నదే నేనంటున్న. పిల్లను పెట్టి నువ్వు పోలేవు, తీస్కపోతే ఆడ చూసేటోళ్లు లేరు. నాకు డ్యూటీ. ఇగ సంగతి నీకే సమజ్ కావాలె.”

త్రివేణి పిల్ల మూతి కొంగుతో తుడిచింది.

బక్కమ్మ తట్ట కింద పెట్టి, చేతులు దులుపుకుంటూ వాకిట్లోకి వచ్చింది. “నేను పోత” అన్నది.

అంజన్న ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. మనసారా, కడుపు పట్టుకుని. “నువ్వా? నార్కట్‌పల్లి దాటితే తొవ్వ తప్పుతవ్. గీమె దేశాలు పోతదంట, ఇన్నవారా?”

బక్కమ్మ కోడలి మీది ప్రేమతో ఆ మాట అనలేదు. మనవరాలు పరాయి చేతుల్లో పడుతుందన్న ఫికరుతో అన్నది. ఆ నవ్వు విన్నాక మాత్రం ఆ ఫికరు కింద ఇంకేదో కదిలింది. ఎండాకాలం గడ్డి మాడిపోతే గొర్లను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా నడిచిన ఏండ్లు ఆమెకు గుర్తొచ్చాయి. అంజన్న భుజాన కర్రేసుకుని ముందు నడిచేవాడు, ఎదురైన వాళ్లతో ముచ్చట పెట్టేవాడు. ఆమె వెనక నడిచేది. నెత్తిన గిన్నెల మూట, సంకలో దామోదర్, చేతిలో అప్పుడే ఈనిన గొర్రెపిల్ల. మంద ఆగిన చోటల్లా మూడు రాళ్లు ఏరి పొయ్యి పెట్టేది. ఎవరన్నా “గొర్లు ఎవలయి?” అని అడిగితే “అంజన్నయి” అనేవారు. తొవ్వ ఎన్నడూ తప్పలేదు. తప్పకుండా నడిచిందని కూడా ఎవరూ అనలేదు.

“నవ్వినంత సేపు నవ్వు” అన్నది మొగుడితో. “పోత అన్న, పోత.”

*

అమ్మాన్ చూసి ఆమె మొదట అన్న మాట, “గిది గూడ మన గుట్టల లెక్కనే ఉన్నది గద.” ఎటు చూసినా రాయి, రాయి రంగు ఇండ్లు, ఎత్తుకు ఎక్కే సందులు. వాళ్ల కిరాయి ఇంటి కిటికీలోంచి చూస్తే ఊరి అంచున ఖాళీ జాగాలో గొర్లు మేస్తూ కనబడేవి. తోకలు వెడల్పుగా ఉన్న గొర్లు. వాటి వెనక నల్లటి బట్టలు వేసుకున్న ఒక ఆడమనిషి. బక్కమ్మ మల్లికను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి, ఆమె నడక చూసేది. గొర్లవాళ్ల నడక ఏ దేశంలోనైనా ఒకటే, తొందర ఉండదు, నిలవడం ఉండదు.

దుకాణంలో “కుర్చీ” అంటే వాళ్లకు అర్థమైంది. పిల్లకు జ్వరమొస్తే మందుల షాపులో “దవా, దవా” అన్నది, ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్తుంటే త్రివేణి నవ్వింది. పెళ్లయినప్పటి నుంచి కోడలి పండ్లన్నీ కనబడేలా నవ్వడం బక్కమ్మ అప్పుడే చూసింది.

మొదటి మ్యాచ్‌కు పొద్దుగూకక ముందే పోయారు. అంతకు ముందు రోజు బక్కమ్మ అడిగింది, “ఇంతకు నువ్వు ఏ జాగల ఆడ్తవ్?”

“నడుమ, అత్తమ్మా. మిడ్‌ఫీల్డర్ అంటరు.”

“గోల్ కొట్టేది నువ్వేనా?”

“నేను తక్కువ. కొట్టేటోళ్లకు బంతి అందిస్త.”

బక్కమ్మ మూతి విరిచింది. “అంటే వడ్డిస్తవన్నట్టు. గింత దూరమొచ్చి ఈడ గూడ వడ్డనేనా?”

త్రివేణి బూటు లేసు బిగిస్తూ, “వడ్డనే గానీ, ఎవలు ముందు తినాలె, ఎవలు జర ఆగాలె, నేనే చెప్త” అన్నది.

మెట్ల మీద మల్లికను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బక్కమ్మకు మొదట ఏమీ పాలుపోలేదు. పచ్చని గడ్డి మీద ఆడపిల్లలందరూ బంతి ఎటు పోతే అటు ఉరుకుతున్నారు. కాసేపటికి ఆమె బంతిని చూడడం మానేసి కోడలిని చూడసాగింది. అప్పుడు తెలిసింది. బంతి రాకముందే త్రివేణి తల ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది, భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. బంతి కాలికి తగిలే లోపలే అది ఎక్కడికి పోవాలో ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. ఇద్దరు మీదికి వచ్చారు. త్రివేణి నడుము ఒక పక్కకు వంచి మరో పక్కకు తిరిగింది. వాళ్లిద్దరూ లేని బంతి కోసం కాళ్లు చాపారు. బంతి అప్పటికే మైదానం అవతలి అంచున ఉరుకుతున్న పిల్ల ముందు, చేత్తో పెట్టినట్టు పడింది.

 ఈ నడుము పిల్లను కన్న నడుము. పోయిన ఏడు తమ ఇంట్లో నీళ్ల బిందెలు మోసిన నడుము. వంగి ముగ్గేస్తుంటే “ఇంక జర వంగు, కనబడ్తలేదా” అని తాను గదిమిన నడుము. దాని లోపల ఇది ఉందా? ఇన్నాళ్లూ మా వంటింట్లో ఇది ఎక్కడ దాగింది?

అంతలో త్రివేణి అరిచింది. చెయ్యి పైకెత్తి, ఎవరినో పేరు పెట్టి, ముందుకు పొమ్మని. ఆ గొంతు మైదానం దాటి, మెట్ల మీద కూర్చున్న వాళ్ల తలల మీదుగా గుట్టకు తగిలింది. పది మంది ఆడపిల్లలు ఆ గొంతు విని అటు కదిలారు. బక్కమ్మ చేతులు మల్లిక చుట్టూ బిగుసుకున్నాయి. తనకూ అట్లాంటి గొంతే ఉండేది. గుట్ట మీద నిలబడి పిలిస్తే అవతలి వాలులో మేస్తున్న మంద తల ఎత్తేది. కానీ అది గొర్లను పిలవడానికే. ఇంటికొస్తే మళ్లీ దాన్ని మింగేది.

పక్కన కూర్చున్న ముసలామె పొద్దుతిరుగుడు గింజలు గుప్పెడు చేతిలో పోసి, మైదానంలోకి చూపించి ఏదో అడిగింది. బక్కమ్మ త్రివేణి వైపు వేలు చూపి తన రొమ్ము తట్టుకుంది. ముసలామె “బింత్?” అన్నది. అదేందో తెలియకపోయినా బక్కమ్మ అవునని తల ఊపింది. ఇంటికి పోయాక కోడలిని అడిగితే, “బింత్ అంటే బిడ్డ, అత్తమ్మా” అన్నది త్రివేణి. “నువ్వు కోడలని చెప్పాలె.”

“ఏమో, నాకా మాట రాదు” అన్నది బక్కమ్మ.

*

మరుసటి ఏడు తాష్కెంట్. అమ్మాన్‌లో త్రివేణి ఆట చూసి అక్కడి క్లబ్ పిలిచింది. దామోదర్ గొణిగాడు గానీ, ఊళ్లో అప్పటికే త్రివేణికి సన్మానం చేసి శాలువా కప్పి ఉన్నారు, కాదనలేకపోయాడు.

తాష్కెంట్ బజారులో బక్కమ్మకు తల తిరిగింది. కుప్పలు పోసిన ఉల్లిగడ్డల ముందు కూర్చున్న ఆమె వాటిని “పియోజ్” అంటోంది. దానిమ్మను “అనోర్” అంటోంది. బజారును బజారే అంటోంది. నల్గొండ అంగట్లో తాము వాడే ప్యాజ్, అనార్! చదువుకున్న వాళ్లు విని నవ్వే తమ మాటలు ఇంత దూరంలో, మంచు కొండల అవతల, దర్జాగా కూర్చుని ఉల్లిగడ్డలు అమ్ముతున్నాయి. ఆ పూట ఆమె అవసరం లేకపోయినా ఉల్లిగడ్డలు కొన్నది. పేరు పెట్టి అడగాలనిపించి.

కానీ దేశం మారినా పొయ్యి పొయ్యే. త్రివేణి ప్రాక్టీసుకు పోతే పిల్ల, పిల్ల పడుకుంటే వంట, వంట అయితే బురద పట్టిన మేజోళ్లు. ఒక సాయంత్రం త్రివేణి అలసి వచ్చి, తిని, పళ్లెం అక్కడే వదిలి ఫోన్ చూసుకుంటూ “మల్లి తిన్నదా అత్తమ్మా?” అన్నది. అడిగిన తీరు అచ్చం అంజన్న తీరే. తల ఎత్తకుండా.

“నేనొకటి అడుగుత” అన్నది బక్కమ్మ. “ఆనాడు మీ మామకు చేసిన, ఈనాడు నీకు చేస్తున్న. నాకు మారిందేంది, చెప్పు. నీ ఆటకు చప్పట్లున్నయ్. నువ్వు అలిసిపోతే ఇంకొక పిల్లను దింపుతరు, నిన్ను కూసోపెడ్తరు. నా జాగల ఎవలు దిగుతరు?”

త్రివేణి ఫోన్ పక్కన పెట్టింది.  బక్కమ్మకు భయమేసింది, అనకూడనిది అన్నానేమోనని. త్రివేణి లేచి పళ్లెం కడిగింది. పొయ్యి తుడిచింది. మేజోళ్లు నానేసింది. తర్వాత వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చుని, “నాకు యాదికే రాలే, అత్తమ్మా” అన్నది. “నేను బయటపడ్డ అనుకున్న గానీ, నిన్ను నా జాగల నిలబెట్టి వచ్చిన.”

ఆ తర్వాత ఆటలేని రోజు బక్కమ్మది. వంట త్రివేణిది, పిల్ల త్రివేణిది. మొదటిసారి సెలవు దొరికితే ఏం చెయ్యాలో తెలియక బక్కమ్మ కిటికీ దగ్గర కూర్చుని బియ్యంలో లేని రాళ్లు ఏరింది. రెండోసారి చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వీధి చివర మెట్లు భూమిలోకి దిగుతున్నాయి. జనం దిగుతున్నారు, ఆమె కూడా దిగింది.

కింద మేడ ఉంది. పాలరాతి స్తంభాలు, నీలం గోడలు, కప్పుకు వేలాడే పెద్ద పెద్ద దీపాల గుత్తులు. రాజుల మేడలో రైలు వచ్చి ఆగింది. బక్కమ్మ ఎక్కి, తర్వాతి స్టేషన్‌లో దిగింది. అక్కడ మరో మేడ, మరో రకం దీపాలు. మళ్లీ ఎక్కింది. ఒక్కొక్క చోట దిగి, తల పైకెత్తి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. రోజూ ఆఫీసుకు పోయే వాళ్ల కోసం భూమి కింద ఇంత అందం పెట్టిన వాళ్లున్నారా! ఎవరూ ఆమెను ఎక్కడికని అడగలేదు. ఎందుకని అడగలేదు. సాయంత్రం తిరిగి వచ్చే తొవ్వ ఆమె పాదాలకే తెలుసు.

*

చలి మొదలయ్యాక క్రొయేషియా నుంచి పిలుపు వచ్చింది. యూరప్. త్రివేణి ఆ కబురు వినగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. గురుకులంలో చినిగిన బంతితో ఆడిన పిల్లలు రాత్రి పడుకునే ముందు చెప్పుకునే దేశాలవి.

మర్నాడు దామోదర్ తల్లికి ఫోన్ చేశాడు. త్రివేణి లేని వేళ చూసి. “అమ్మా, ఇగ బస్. ఆమెకు నేను చెప్తే ఇంటలేదు. నువ్వు ఒక్క మాట అను. నేను రానని అను. నువ్వు లేకుంటే పిల్లతోటి ఆమె పోలేదు. గప్పుడు తానే ఆగుతది. మంచిగ ఇంటికొస్తరు అందరు.”

“నువ్వు ఆపినట్టు గాకుండ నేను ఆపాలెనా, కొడుకా?”

“గట్ల కాదమ్మా. నీకూ మోకాళ్లు నొస్తున్నయ్ గద.”

అది అబద్ధం కాదు. మోకాళ్లు నొస్తున్నాయి. అలుపు కూడా నిజమే. బక్కమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆలోచించింది. జీవితంలో ఆమె మాట మీద ఏదీ ఆగలేదు, ఏదీ నడవలేదు. ఇప్పుడు ఒక ఆడపిల్ల ఆటంతా వచ్చి తన నాలుక చివర కూర్చుంది. రానంటే కొడుకు గెలుస్తాడు. వస్తానంటే మరో దేశంలో మరో పొయ్యి. రెండింటిలోనూ తనది ఏముంది?

ఆఖరి మ్యాచ్ రోజు పొద్దున మంచు పడింది. గడ్డి మీది మంచు తోసేసి గీతలు మళ్లీ గీశారు. మెట్ల మీద దుప్పటి కప్పుకుని బక్కమ్మ, ఆమె దుప్పట్లో మల్లిక. ఆట చివరికి వచ్చినా ఎవరూ గోల్ కొట్టలేదు. త్రివేణి నోట్లోంచి పొగలు. జారి పడింది, లేచింది. మళ్లీ పడేశారు, మళ్లీ లేచింది. ఆ లేచిన ఊపులోనే బంతి ఆమె దగ్గరికి వచ్చింది. చుట్టూ ముగ్గురు. చిన్న సందు కూడా లేదు.  త్రివేణి చూడలేదు. చూసే ఉంది, ముందే. కాలి పక్క భాగంతో మెత్తగా, నిద్రపోతున్న పిల్లను జరిపినట్టు, బంతిని వాళ్ల కాళ్ల మధ్య నుంచి పంపింది. అవతల ఒక పిల్ల అందుకుంది, కొట్టింది. గోల్.

అందరూ కొట్టిన పిల్ల మీదికి ఉరికారు. త్రివేణి ఎక్కడ ఉన్నదో అక్కడే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. ‘గంతేనా’ అనుకుంది బక్కమ్మ. వండినామెను ఎవరు చూస్తారు? కానీ గోల్ కొట్టిన పిల్ల ఆ గుంపులోంచి విదిలించుకుని బయటికి వచ్చి, మైదానం సగం వెనక్కి పరిగెత్తి వచ్చి, త్రివేణిని నడుము పట్టి ఎత్తింది. మెట్ల మీది జనం లేచి నిలబడ్డారు. త్రివేణి పేరును వాళ్ల నాలుకకు వచ్చినట్టు పలుకుతున్నారు. మల్లిక “అమ్మ, అమ్మ” అంటూ చప్పట్లు కొట్టింది. బక్కమ్మ ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు.

ఇంటికి వచ్చి, త్రివేణి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నప్పుడు బక్కమ్మ చెప్పింది. “నేను క్రొయేషియా రాను బిడ్డా.”

త్రివేణి ముఖం పాలిపోయింది. అయినా తల ఊపింది. “నిన్ను అడిగే మొఖం నాకు లేదు, అత్తమ్మా. నువ్వు చేసింది చాలు.”

“ఆగు. ఫోన్ కలుపు, వానికి.”

దామోదర్ అవతల నుంచి “అమ్మా” అన్నాడు, ఆశగా.

“నువ్వు చెప్పినట్టే రానని చెప్పిన” అన్నది బక్కమ్మ. “ఇగ నువ్వు బట్టలు సర్దుకో. త్రివేణి, పిల్ల ఇంటికొస్తున్నరు. మల్ల వాళ్లతోటి నువ్వు పోవాలె. పిల్లను నువ్వు చూసుకో.”

“నేనా? షోరూంల సెలవియ్యరమ్మా!”

“నా దొడ్డికి నాకు సెలవిచ్చింది ఎవలురా? నాతోపాటే నువ్వు గూడ పాస్‌పోర్టు తీయించుకున్నవ్ గద, దేనికోసం? పిల్ల ఆమెదొక్కదానిదే అయితే ఇంటిపేరు నీదెందుకు పెట్టినవ్?”

దామోదర్ ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు చెయ్యలేదు. మూడో రోజు త్రివేణికి చేసి, ఎక్కడో చూస్తూ మాట్లాడినట్టు అడిగాడు, “ఆడ చలెంతుంటది? మల్లి రాత్రి పూట ఏం పెడితే తింటది?”

త్రివేణి సామాను సర్దుతూ అత్త చీరలు కూడా పెట్టెలో పెట్టబోయింది. బక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నావి పెట్టకు. ఈ ఇల్లు నెలాఖరు దాక ఉన్నది కదా, వీసా గూడ ఉన్నది కదా. నా టికెట్ ఆఖరుకు మార్పించు. సమర్‌ఖండ్ అని ఉన్నదంట, రైలు పోతదంట. నీలం గుమ్మటాలంట.”

“ఒక్కదానివేనా, అత్తమ్మా?”

“ఊఁ.”

 త్రివేణి తన ఉన్ని కోటు తీసి ఆమె భుజాల మీద వేసి, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది.

వాళ్లు విమానమెక్కిన మర్నాడు పొద్దున్నే బక్కమ్మ రైల్వే స్టేషన్‌లో ఉంది. రైలు వచ్చే ముందు ఫోన్ మోగింది. అంజన్న.

“కోడలు దిగింది, పిల్ల దిగింది, నువ్వేదే? రాలేవేంది?”

“ఇంకో ఊరు పోతున్న.”

“ఊరా? ఏ ఊరు? ఆట అయిపోయింది, పిల్ల ఈడున్నది. ఇగ నీకు ఆడ ఏం పనున్నదని పోతున్నవ్?”

రైలు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. బక్కమ్మ కాలు పైకి పెట్టి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఫోన్‌లోకి చెప్పింది.

“పనేం లేదు.”

యాభై దాటిన ఆ బతుకులో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.